హైదరాబాద్‌లో అమ్మాయి కుర్చీ ఎక్కడ వేసుకోవాలి?

ప్రశ్న: మాది నంద్యాల. మా అమ్మాయి బీటెక్ పూర్తి చేసింది. పుణెలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. ఆఫీసుకు రానక్కరలేదు, ఎక్కడి నుంచైనా పని చేయవచ్చన్నారు. చేతికి 32 వేలు వస్తాయి. అమెరికా క్లయింటు కాబట్టి సాయంత్రం ఆరున్నరకు రోజూ మీటింగు ఉంటుంది. ఇక్కడి ఇంటర్నెట్‌ను నమ్ముకోలేక హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ కాలనీ హాస్టల్‌లో చేరింది. గదిలో ముగ్గురు. పని సాగడం లేదని, మాదాపూర్‌లో ఒక కోవర్కింగ్ ఆఫీసులో (ఎవరైనా సీటు అద్దెకు తీసుకుని పని చేసుకునే చోటట) నెలకు 8,500 కట్టి సీటు తీసుకుంటానని అంటోంది. ఆఫీసు లేని ఉద్యోగానికి మనమే అద్దె కట్టి ఆఫీసు పెట్టుకోవడం ఏమిటి? నిజంగా అవసరమా? అవసరమైతే ఏం చూసి ఎంచుకోవాలి?

జవాబు: మీ కోపంలోనూ లెక్క ఉంది కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. ఇలాంటి చోట్ల మొదట చెప్పే ధర సాధారణంగా జీఎస్టీ కలపనిది. 8,500 మీద 18 శాతం వేస్తే 10,030 అవుతుంది. వ్యాపారం చేసేవాళ్లయితే ఆ జీఎస్టీని తమ పన్నులో సర్దుకోవచ్చు. జీతగాళ్లకు ఆ వీలు లేదు. రానుపోను ఖర్చు కలపండి. హాస్టల్ మెస్‌కు ముందే కట్టేసి కూడా మధ్యాహ్నం బయట తినాలి, అదీ కలపండి. జీతంలో మూడో వంతుకు పైగా కుర్చీకే పోతుంది. మొదటి ఉద్యోగానికి అది ఎక్కువ.

అలాగని గదిలోనే సర్దుకోమని చెప్పను. మంచం మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎనిమిది గంటలు పని చేయడం ఎలా ఉంటుందో ఒక్కరోజు ప్రయత్నిస్తే మీరే నడుము పట్టుకుంటారు. పక్క మంచం మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చిన అమ్మాయి నిద్రపోతుంటే, ఫోనులో మాట్లాడటానికి మెట్ల మీదికి పోవాలి. మీ అమ్మాయి అడుగుతున్నది సోకు కాదు. నాకున్న సందేహమల్లా మాదాపూర్ గురించే.

మెట్రో పటం ఒకసారి ముందు పెట్టుకోండి. కేపీహెచ్‌బీ ఎర్ర లైను మీద ఉంది, మాదాపూర్ నీలం లైను మీద. రైలెక్కితే కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ దాటి అమీర్‌పేట దాకా రావాలి. అక్కడ లైను మారి యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా మళ్లీ పడమటికి తిరగాలి. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్టన్న మాట. రోడ్డు మీద దూరం తక్కువే, జేఎన్‌టీయూ పక్క నుంచి నేరుగా హైటెక్ సిటీ వైపు పోవచ్చు. కానీ ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఆ దారి ఎవరి మాటా వినదు. రోజూ ట్రాఫిక్‌లో నలగకుండా ఉండటమే ఇలాంటి ఉద్యోగంలోని అసలు లాభం. ఆ లాభాన్ని నెలకు పది వేలు ఎదురు కట్టి మరీ వదులుకోవడం దేనికి?

మాదాపూర్, గచ్చిబౌలి వైపే ఎందుకు చూస్తారో నాకు తెలుసు. వీవర్క్, ఆఫిస్ (Awfis), స్మార్ట్‌వర్క్స్ వంటి పేరున్న సంస్థల బోర్డులు అటే ఎక్కువ కనిపిస్తాయి. అయితే ఆ సంస్థలకు పెద్ద రాబడి ఒంటరిగా వచ్చి ఒక్క సీటు తీసుకునేవారి నుంచి రాదు. ఒకేసారి యాభై, వంద, అయిదు వందల సీట్లు తీసుకునే కంపెనీల నుంచి వస్తుంది. అద్దాల గదులు, మంచి కిటికీలు వాళ్లకు పోతాయి. ఒక్క సీటు మనిషికి మిగిలేది చాలాసార్లు నడవ పక్కన బల్ల. కేపీహెచ్‌బీ, కూకట్‌పల్లి చుట్టుపక్కల చిన్న కోవర్కింగ్ ఆఫీసులు ఉన్నాయి. ఫొటోల్లో అంత అందంగా ఉండవు, కాఫీ యంత్రం మూలుగుతూ ఉంటుంది. కానీ హాస్టల్ నుంచి నడిచి పోగలిగితే మధ్యాహ్నం మెస్‌లోనే తిని రావచ్చు. రాత్రి తొమ్మిదికి తిరిగి రావడం గురించి మీకు దిగులు ఉంటుంది. మీరు రాయకపోయినా ఉంటుంది. ఆ దిగులుకు మందు కూడా నడక దూరమే. ఇక్కడ నచ్చినది దొరక్కపోతే లైను మారే పని లేకుండా అమీర్‌పేట దాకా వెతకమనండి.

ఇక చోటు చూడటానికి వెళ్లినప్పుడు సంగతి. రెండేళ్ల క్రితం నా పాత విద్యార్థి ఒకతనితో మాదాపూర్‌లో ఒక కోవర్కింగ్ ఆఫీసు చూడటానికి వెళ్లాను. గోడ మీద పచ్చటి తీగలు, బీన్ బ్యాగులు, ఎవరూ ఆడని క్యారమ్ బోర్డు. చూపించే అమ్మాయి మాటతీరు కూడా బాగుంది. మావాడు అప్పుడే ఫోను తీసి డబ్బు పంపబోతున్నాడు. ఒక్క పది నిమిషాలు ఆగమన్నాను. అప్పుడు సమయం పదకొండు. సగం కంపెనీలకు రోజువారీ మీటింగు మొదలయ్యే వేళ అది. తొంభై సీట్లున్న ఆ అంతస్తులో మాట్లాడుకోవడానికి ఫోన్ బూత్‌లు మూడు. మూడింటి ముందూ మనుషులు నిలబడి ఉన్నారు. ఒక కుర్రవాడు మెట్ల మలుపు దగ్గర నిప్పు ఆర్పే సిలిండర్ పెట్టె మీద ల్యాప్‌టాప్ ఆనించి, ఒక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికో లెక్కలు అప్పజెబుతున్నాడు. మావాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అందుకని, ఏ చోటైనా వాళ్లు రమ్మన్న వేళకు చూడవద్దు. మీ అమ్మాయి పనికి అతి గడ్డు వేళ ఏదో ఆ వేళకు వెళ్లాలి. ఆమెకు అది సాయంత్రం ఆరున్నర. ఒక రోజు పాసు తీసుకుని, పగలంతా అక్కడే పని చేసి, ఆ మీటింగు అక్కడి నుంచే మాట్లాడి చూడాలి. బూత్ దొరికిందా? అవతలివాళ్లకు పక్క బల్ల మాటలు వినిపించాయా? బూత్‌లో గాలి ఆడిందా? (చాలా బూత్‌లు ఇరవై నిమిషాలకే పొయ్యి మీద కుండలా తయారవుతాయి.) అన్నిటికన్నా ముఖ్యం, ఆ వేళకు ఏసీ, లైట్లు, రిసెప్షన్ ఉన్నాయా? హాట్ డెస్క్, అంటే రోజూ ఖాళీగా ఉన్నచోట కూర్చునే సీటు తీసుకున్నవారిని సాయంత్రం ఏడుకో ఎనిమిదికో పంపేసే చోట్లు ఉన్నాయి. అలాంటి చోట సొంత బల్ల తీసుకున్నవారికే రాత్రి ప్రవేశం ఉంటుంది, దాని ధర వేరు.

ఇందులో మరో మెలిక ఉంది. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం తర్వాత అదే తొమ్మిది మనకు ఏడున్నర అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అలాగే ఉంటుంది. మీటింగు అమెరికా వేళ ప్రకారం నడిచేదైతే, ఎనిమిదికి తలుపులు మూసే ఆఫీసులో జులైలో హాయిగా సాగిన పని నవంబరులో తెగిపోతుంది. ఒప్పందం చేసుకునేటప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదు.

ఇంటర్నెట్ గురించి వాళ్లు చెప్పే పెద్ద అంకెలకు మురిసిపోవద్దు. ఒక వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు, అది రెండు వైపులా నిలకడగా రావాలి అంతే. కాబట్టి డౌన్‌లోడ్ ఎంతో కాదు, మీటింగు వేళలో అప్‌లోడ్ ఎంతో కొలిచి చూడమనండి. లైను తెగితే రెండో కంపెనీ లైను ఉందా అని అడగాలి. కరెంటు పోతే జనరేటర్ ఉందని అందరూ అంటారు. జనరేటర్ అందుకునేలోపు రౌటర్ ఆరిపోకుండా యూపీఎస్ ఉందా అన్నది అసలు ప్రశ్న. ఎటు చూసినా ఫోను హాట్‌స్పాట్‌కు వేరే కంపెనీ సిమ్ ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిది.

డబ్బు కట్టే ముందు ఒప్పందంలో డిపాజిట్ ఎన్ని నెలలది, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, మధ్యలో మానేయకూడదనే లాకిన్ ఎంత కాలం, నోటీసు ఎన్ని రోజులు అన్నవి రాతలో చూసుకోండి. మొదటి ఉద్యోగం, ప్రొబేషన్ కాలం. అలాంటప్పుడు ఆరు నెలల లాకిన్‌కు ఒప్పుకోవద్దు, నెల నెలా కట్టే పద్ధతి కొంచెం ఖరీదైనా సరే. ఆ శాఖ మూసేస్తే డిపాజిట్ సంగతి ఏమిటో కూడా అడగండి. మొహమాటం అక్కరలేదు. నిప్పంటుకుంటే దిగిపోవలసిన వెనక మెట్లకు తాళం వేసి ఉంటే మాత్రం ఇంకేమీ అడగకుండా బయటికి వచ్చేయమనండి.

టీ-హబ్, వీ-హబ్ అని ఎవరైనా చెప్పవచ్చు. అవి కంపెనీ పెట్టేవారి కోసం, వీ-హబ్ ప్రత్యేకించి మహిళా పారిశ్రామికవేత్తల కోసం 2018లో వచ్చింది. ఉద్యోగం చేసుకునేవారికి కుర్చీ ఇచ్చే చోట్లు కావు. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు స్టడీ హాళ్లు చవకే. కానీ అక్కడ గ్రూప్స్‌కు చదివేవారి మధ్య ఫోను ఎత్తితే చూపులతోనే చంపేస్తారు.

కోవర్కింగ్ కన్నా ముందు అడగవలసిన మాట ఒకటుంది. అదే హాస్టల్‌లో ఒక్కరు ఉండే గదికి ఎంత తేడా? ఆ తేడా పది వేలలో సగమే అయితే, గదిలో ఒక బల్ల, నడుముకు ఆనే కుర్చీ వేసుకుని, వారంలో రెండు మూడు రోజులు మాత్రం రోజు పాసుతో బయట కూర్చోవచ్చు. పాసు అయిదు వందలనుకుంటే నెలకు పది రోజులకు అయిదు వేలు. రెండూ కలిపినా దాదాపు అంతే అవుతుంది, పైగా రాత్రి నిద్ర కూడా బాగుంటుంది. నా ఓటు దీనికే.

మీరు అడగని విషయం మీద నాకు ఎక్కువ బెంగగా ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు సగం పనిని పక్క సీటు మనిషిని చూసి నేర్చుకుంటారు. తప్పు చేసినప్పుడు సీనియర్ కుర్చీ వెనక్కి తిప్పి "ఇలా కాదమ్మా" అనడం, టీ దగ్గర ఏ ప్రాజెక్టు వస్తోందో చెవిన పడటం, ఇవి ఆఫీసు ఇచ్చేవి. కోవర్కింగ్ ఆఫీసులో చుట్టూ మనుషులుంటారు, ఎవరూ మనవాళ్లు కారు. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ మొదటిసారి ఈ పేరుతో ఒక చోటు తెరిచింది సొంతంగా పని చేసుకునేవారి ఒంటరితనం తీర్చడానికే. ఒంటరితనం తీరుతుందేమో కానీ, పుణెలోని మేనేజర్‌కు మీ అమ్మాయి ముఖం గుర్తుండేలా చేసే శక్తి ఏ బల్లకూ లేదు. అందుకని మాదాపూర్ రానుపోను ఖర్చులో, బయటి తిండిలో మిగిలే డబ్బుతో మూడు నెలలకోసారి పుణె వెళ్లి, ఒక వారం టీమ్ పక్కన కూర్చుని రమ్మనండి. ప్రయాణం ఖర్చు కంపెనీ ఇస్తే సంతోషం, ఇవ్వకపోయినా వెళ్లాలి.

ఇవన్నీ చూసుకునేలోపు ఈ వారం ఒక పని చేయమనండి. కొన్ని కంపెనీలు కోవర్కింగ్ సీటుకు తామే డబ్బు ఇస్తాయి. కొన్ని, క్లయింటు సమాచారం బయటివారి కంట పడుతుందని, అలాంటి చోట పని చేయడానికే ఒప్పుకోవు. ఏది ఏమిటో తెలియకుండా ముందే సీటు తీసుకుంటే రెండు విధాలా నష్టం. హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో ఈ మూడు ముక్కలు అడిగితే చాలు: "నేను హైదరాబాద్‌లో కోవర్కింగ్ ఆఫీసు నుంచి పని చేయవచ్చా? దానికి కంపెనీ అలవెన్స్ ఏమైనా ఉందా? అక్కడి వైఫై వాడేటప్పుడు వీపీఎన్ విషయంలో నేను పాటించవలసిన నియమాలు ఏమిటి?" (వీపీఎన్ అంటే బయటి వైఫై మీద కూడా కంపెనీ సమాచారం ఇతరుల కంట పడకుండా పంపే ఏర్పాటు.) జవాబు రాతపూర్వకంగా వచ్చే దాకా మాదాపూర్‌లోనే కాదు, ఎక్కడా డిపాజిట్ కట్టవద్దు.