క్వాంటమ్ థియరీ వైపు వెళ్తానంటున్న అమ్మాయి: సీఎస్ఈనా, ఫిజిక్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. క్వాంటమ్ కంప్యూటింగ్‌లో థియరీ రీసెర్చ్ చేస్తానంటోంది. అమరావతికి క్వాంటమ్ వ్యాలీ వస్తోంది కదా, సీఎస్ఈ చేసి ఏదైనా క్వాంటమ్ కోర్సు నేర్చుకుంటే చాలదా అంటున్నారు మావాళ్లు. ఫిజిక్స్ చదివిస్తే స్థిరపడుతుందా?
– ఒక తండ్రి, ఒంగోలు

సమాధానం: మీ అమ్మాయి అడుగుతున్నది ఒకటి, మీవాళ్లు చెబుతున్నది మరొకటి. క్వాంటమ్ వ్యాలీ కోసం ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్‌లతో చేతులు కలిపింది. 156 క్యూబిట్ల (మామూలు కంప్యూటర్లో బిట్ లాంటిదే క్వాంటమ్‌లో క్యూబిట్) ఐబీఎం హెరాన్ ప్రాసెసర్‌తో యంత్రం పెడతామని ప్రకటించారు. అలాంటి చోట ప్రోగ్రామింగ్, హార్డ్‌వేర్ పనులకు సీఎస్ఈ, ఈసీఈ చక్కగా పనికొస్తాయి. థియరీ పని వేరు. ఈ యంత్రాలతో ఏది సాధ్యమో, ఏది ఎన్నటికీ కాదో కాగితం మీద నిరూపించడమే అక్కడ పని.

ఒక ఉదాహరణ చెప్తాను, అమ్మాయికి చూపించండి. 0ని 00గా, 1ని 11గా కాపీ చేసే క్వాంటమ్ యంత్రం ఉందనుకుందాం. దానికి 0, 1 సమానంగా కలిసిన స్థితిని ఇస్తే, క్వాంటమ్ నియమాలు లీనియర్ (కలిసిన స్థితిలోని ఒక్కో భాగానికి విడిగా వర్తించి, ఫలితాలను కలుపుతాయి) కాబట్టి 00, 11 కలిసిన స్థితి మాత్రమే బయటికొస్తుంది. నిజమైన కాపీ అయితే రెండు ప్రతుల్లోనూ 0, 1 విడివిడిగా కలిసి ఉంటాయి కాబట్టి 00, 01, 10, 11 నాలుగూ ఉండాలి. అంటే, తెలియని క్వాంటమ్ స్థితిని కాపీ చేసే యంత్రం ఉండదు. 1982లో వూటర్స్, జూరెక్ కలిసి, డీక్స్ విడిగా తేల్చిన సంగతి ఇది. క్వాంటమ్ క్రిప్టోగ్రఫీ (క్వాంటమ్ స్థితులతో రహస్య సమాచారం పంపే పద్ధతి) భద్రతకు ఇదొక పునాది. ఇంటర్ మ్యాథ్స్‌లోని మ్యాట్రిక్సులు, కాంప్లెక్స్ నంబర్లు బాగా వస్తే ఈ సబ్జెక్టు మొదలుపెట్టవచ్చు. ఈ నిరూపణ చదివి "అయితే ఏ స్థితైనా కాకుండా, ముందే తెలిసిన రెండు స్థితుల్లో ఒకటే ఇస్తే?" అని తనంతట తానే అడిగిందంటే, ఆ ఆసక్తిని గట్టిగా నమ్మండి. వీడియోలు చూసి ఉత్సాహపడటం మాత్రమే అయితే ఇంకొంత ఆగి చూడండి.

బ్రాంచి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. 2018లో టెక్సాస్ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతున్న 18 ఏళ్ల ఈవిన్ టాంగ్, రికమండేషన్ల లెక్కను (మనకు ఏ సినిమా, ఏ వస్తువు నచ్చుతుందో ఊహించేది) మామూలు కంప్యూటర్ క్వాంటమ్ అల్గారిథమ్ అంత వేగంగా చేయలేదని నిరూపించబోయి, దాదాపు అంత వేగంగానూ చేయగలదని తేల్చింది. ఆమె వచ్చింది కంప్యూటర్ సైన్స్, మ్యాథ్స్ వైపు నుంచి. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన సి.ఆర్.రావు గారి 1945 నాటి అసమానతకు (ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే సూత్రం) క్వాంటమ్ రూపమే ఇప్పుడు క్వాంటమ్ సెన్సర్ల కచ్చితత్వానికి హద్దు చెబుతోంది. స్టాటిస్టిక్స్ నుంచీ దారి ఉందన్నమాట.

నన్నడిగితే మొదటి ఎంపిక, సైన్స్ పరిశోధన కోసం పెట్టిన కేంద్ర సంస్థ ఐఐఎస్ఈఆర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. తిరుపతిలోనే ఉంది, దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. సీఎస్ వదలడం మీకు ఇష్టం లేకపోతే ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో బీటెక్‌తో పాటు కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎంఎస్ చేసే డ్యూయల్ డిగ్రీ ఉంది. తర్వాత పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, నెట్ లాంటి పరీక్షలు. థియరీకి ప్రయాగరాజ్‌లోని హరీశ్‌చంద్ర ఇన్‌స్టిట్యూట్‌లో మంచి బృందం ఉంది. ఏ కాలేజీలో చేరినా లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఎగ్గొట్టకూడదు.

స్థిరపడటం గురించి దాచకుండా చెప్పాలి. డిగ్రీకి అయిదేళ్లు, పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం). పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతాయి, పోటీ కూడా గట్టిదే. అయితే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. కేంద్రం 2023లో ఆమోదించిన 6,003 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్ 2030-31 దాకా నడుస్తుంది. మీ అమ్మాయి పీహెచ్‌డీలో చేరే సమయం అదే. అందుకే ఈ డబ్బును చూసి నిర్ణయించకండి, తర్వాత ఏముంటుందో ఇప్పుడే చెప్పలేం. మధ్యలో మనసు మారినా, ఈ గణితంతో పాటు కోడింగ్ కూడా వచ్చి ఉంటే సాఫ్ట్‌వేర్, డేటా ఉద్యోగాలకు వెళ్లవచ్చు. కోడింగ్ మాత్రం మొదటి ఏడాదే మొదలుపెట్టించండి.