పెనాల్టీ పోయాక బంతికి దూరంగా తిరుగుతున్న పిల్లాడు

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు, పదో తరగతి. ఎనిమిదో ఏట నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడేవాడు). రెండు నెలల క్రితం స్కూళ్ల టోర్నీ సెమీఫైనల్ సమమై, గెలుపు తేల్చే పెనాల్టీల షూటౌట్‌లో చివరిది గోల్ పైకమ్మీ మీదుగా కొట్టాడు, జట్టు ఓడిపోయింది. ఎవరో ఆ వీడియోను వాట్సాప్ గ్రూపులో పెట్టి ఎగతాళి చేశారు. తర్వాత జిల్లా జట్టు ఎంపిక పోటీల్లో (ట్రయల్స్) కూడా పేరు రాలేదు. ప్రాక్టీస్‌లో బంతి తన దగ్గరికి రాకుండా తప్పుకుంటున్నాడని కోచ్ అన్నారు. వారం నుంచి అసలు వెళ్లడమే లేదు. మావారు ‘పరీక్షలొస్తున్నాయి, ఇక ఆట మాన్పించేద్దాం’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది కోచ్ చెప్పిన మాట. బంతికి దూరంగా తిరుగుతున్నాడంటే ఆట మీద ఇష్టం చచ్చిపోయిందని అనుకోకండి. నలుగురి ముందు మళ్లీ తప్పు చేస్తానేమోనన్న భయం పట్టుకుంది. మిడ్‌ఫీల్డర్ ఇలా దాక్కోవడం గట్టు మీద కూర్చున్నవాళ్లకు తెలియదు. పరుగెడుతూనే ఉంటాడు, కానీ ఎదుటి జట్టు ఆటగాడి వెనకే నిలబడతాడు కాబట్టి పాస్ దారి మూసుకుపోతుంది. బంతి వచ్చినా వెంటనే వెనక్కి తోసేస్తాడు. తప్పులు తగ్గినట్టే ఉంటుంది, ఆట మాత్రం చిక్కిపోతుంది. ఈ స్థితిలో ‘ఇంకా కష్టపడు’ అంటే వాడికి ‘నువ్వు చాలవు’ అనే వినిపిస్తుంది.

ముందుగా ఒక విషయం గమనించండి. నిద్ర, తిండి, బడి, స్నేహితులు – వీటిలో రెండు వారాలకు పైగా మార్పు కనిపిస్తే, దేనిమీదా ఆసక్తి లేకుండా గదిలోనే ఉండిపోతుంటే, సైకాలజిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, ఏ వేళలోనైనా దొరుకుతారు. ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట తేలిగ్గా అన్నా సరే, ఆ రోజే ఫోన్ చేయండి, వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇవేవీ లేకపోతే కింద చెప్పినవి మొదలుపెట్టవచ్చు.

వాడి మనసులో పెనాల్టీ, ట్రయల్స్ కలిసిపోయి ‘నాకు ఆట రాదు’ అనే ఒకే తీర్పుగా మారాయి. ఆ రెంటినీ విడదీయాలి.

పెనాల్టీకి దూరం 11 మీటర్లు, గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ప్రాక్టీస్‌లో ఏ మిడ్‌ఫీల్డరైనా కొట్టేదే. షూటౌట్‌లో ఎందుకు పోతుందంటే, ఆ క్షణం ఎప్పుడు అయిపోతుందా అన్న ఆరాటంలో విజిల్ వినగానే పరుగెత్తేస్తారు. చూపు గోల్‌కీపర్‌కు అతుక్కుపోతుంది. తొందరలో ఆనే కాలు (బంతిని తన్నని కాలు) బంతికి వెనకే పడుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి పైకి లేస్తుంది. ఇది కాలి పొరపాటు, దిద్దుకోవచ్చు. కోచ్ పక్కన కూర్చోబెట్టుకుని ఆ వీడియోను ఒక్కసారి చూపించి, కాలు ఎక్కడ పడిందో, ఎంత తొందరపడ్డాడో చెప్పమనండి. తర్వాత దాన్ని ఫోన్‌లోంచి తీసేయండి. గ్రూపులోంచి తొలగించమని అడ్మిన్‌ను మీరే అడగండి. ఆ పని పిల్లాడికి వదిలేయకండి.

ట్రయల్స్ సంగతి వేరు. మీవాడు ఏ నెలలో పుట్టాడో రాయలేదు. జనవరి 1 నుంచి వయసు లెక్కవేసే విభాగంలో నవంబరులో పుట్టినవాడు తనకన్నా పది నెలలు పెద్ద పిల్లలతో పోటీపడతాడు. ఈ వయసులో పది నెలలంటే చాలా కండ, చాలా వేగం. పైగా మగపిల్లలు ఎక్కువగా 13–15 మధ్య ఒక్కసారిగా ఎత్తు పెరుగుతారు. ముందు కాళ్లు సాగుతాయి, కొన్ని నెలలు బంతి మీద పట్టు తప్పుతుంది. పాత చెప్పుల అలవాటుతో కొత్త చెప్పుల్లో నడిచినట్టు. నెలకోసారి తలుపు చట్రం మీద గీత పెట్టి ఎత్తు కొలవండి. మోకాలి చిప్ప కింద నొప్పి ఉందేమో అడగండి. ఉంటే డాక్టరుకు చూపించాకే మైదానం. సెలక్షన్ రాకపోవడానికి కారణం కోచ్‌నే అడగనివ్వండి, ప్రశ్న సూటిగా ఉండాలి: ‘వచ్చే ట్రయల్స్‌లోగా నేను మార్చుకోవాల్సినవి రెండు చెప్పండి సార్.’

తిరిగి వెళ్లడం మెట్లు మెట్లుగా ఉండాలి. మొదటి వారం జట్టు వద్దు. ఒక స్నేహితుడితో రోజుకు 20 నిమిషాలు, పాస్ ఇచ్చిపుచ్చుకోవడం చాలు. చూసేవాళ్లు ఉండకూడదు. రెండో వారం ప్రాక్టీస్‌కు వెళ్లి నలుగురికి నలుగురు ఆడే చిన్న ఆటలో దిగాలి. అందులో దాక్కోవడానికి చోటుండదు, బంతి తరచుగా వస్తుంది. అక్కడ గోల్స్ లెక్కపెట్టకండి. ఎన్నిసార్లు ఖాళీలోకి వచ్చి ‘ఇటివ్వు’ అని అడిగాడో అది లెక్కపెట్టమనండి. పాస్ తప్పితే తప్పనివ్వండి, అడగడమే అప్పటి పని.

తప్పు జరిగిన మరుక్షణానికి ఒక అలవాటు కావాలి. ఊపిరి నెమ్మదిగా వదలాలి, సాక్సు పైకి లాక్కోవాలి, వెంటనే దగ్గర్లోని ప్రత్యర్థిని వెతికి అతన్ని అడ్డుకోవడానికి వెళ్లాలి. మొత్తం ఐదారు సెకన్లు. ప్రాక్టీస్‌లో ప్రతి తప్పుకూ ఇదే చేస్తే మ్యాచ్‌లో దానంతటదే వస్తుంది. మ్యాచ్ రోజే మొదలుపెడితే గుర్తుండదు.

పెనాల్టీలు నాలుగో వారంలో. వరసగా యాభై కొట్టించకండి, దానివల్ల కాలికే అలవాటవుతుంది, మనసుకు కాదు. ప్రాక్టీస్ అయిపోయి అలసిపోయాక ఐదే ఐదు. ప్రతిసారీ మధ్య గీత దగ్గర్నుంచి నడిచి రావాలి, అది దాదాపు 40 మీటర్లు, షూటౌట్‌లో భయమంతా ఆ నడకలోనే ఉంటుంది. బంతి తనే పెట్టుకోవాలి. ఏ మూలకు కొట్టాలో వెనక్కి నడిచేటప్పుడే తేల్చుకుని ఇక మార్చకూడదు. విజిల్ తర్వాత ఒక ఊపిరి వదిలి, అప్పుడు పరుగు. జట్టు వాళ్లను గోల చేయమనండి.

ఇంగ్లండ్ ఆటగాడు బుకాయో సాకా సంగతి వాడికి తెలిసే ఉంటుంది. 2021లో యూరో (ఐరోపా దేశాల టోర్నీ) ఫైనల్ షూటౌట్‌లో ఇంగ్లండ్ చివరి పెనాల్టీ పోగొట్టినప్పుడు అతనికి 19 ఏళ్లు, తర్వాత జాత్యహంకార తిట్లు కూడా పడ్డాడు. 2024 యూరో క్వార్టర్ ఫైనల్‌లో స్విట్జర్లాండ్‌తో షూటౌట్‌కు మళ్లీ ముందుకొచ్చి గోల్ చేశాడు. మధ్యలో మూడేళ్లు గడిచాయని కూడా చెప్పండి, లేకపోతే నెలలో తేరుకోనందుకు ఇంకో సిగ్గు మొదలవుతుంది.

ఇంట్లో మీవంతు చిన్నదే. మైదానం నుంచి బండి మీద వచ్చేటప్పుడు ఆట మాట ఎత్తకండి. వాడు ఎత్తితే వినండి. ‘పోనీలే, అదెంత’ అని కొట్టిపారేయకండి, వాడికది ఎంతో. ‘అంతమంది ముందు అలా జరిగితే బాధేస్తుంది’ అంటే చాలు. రాత్రి ఫోన్ హాల్లో ఉండాలి, నిద్ర కనీసం 8 గంటలు.

మీవారి ఆందోళనలో న్యాయముంది, పదో తరగతి చిన్న విషయం కాదు. కానీ ఇప్పుడు మాన్పిస్తే ఆ పెనాల్టీకి పడ్డ శిక్షగానే వాడికి గుర్తుండిపోతుంది, చదువు మీద కూడా మనసు నిలవదు. ఆరు వారాలు ఏ నిర్ణయమూ వద్దని మీవారిని అడగండి. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని, పరీక్షలయ్యేదాకా వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర చొప్పున ఆట అని కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీద వాడి సంతకం కూడా ఉండనివ్వండి.