స్కాన్ నార్మల్ అన్నారని లోక్ అదాలత్‌లో సంతకం పెట్టకండి

"తమ్ముడికి బైక్ యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలింది. ఇప్పుడు స్కాన్ నార్మల్. ఇన్సూరెన్స్ వాళ్ళు లోక్ అదాలత్‌లో సెటిల్ చేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?" అని ఒకరు అడిగారు. ఇప్పుడే ఒప్పుకోకండి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అదే ఆఖరు, దానిమీద అప్పీలు ఉండదు. తలదెబ్బ అసలు రంగు స్కాన్‌లో కనపడదు, మనిషి మళ్ళీ పనిలోకి వెళ్ళాక కనపడుతుంది.

మా బావకి భీమవరం దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. లారీ కొట్టి తలకి దెబ్బ తగిలింది, ఆపరేషన్ అయింది, లేచి తిరిగాడు. చుట్టాలందరూ "దేవుడి దయ, బతికి బయటపడ్డాడు, ఇంక కేసులెందుకు" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ తర్వాత అక్క ఇంటి అద్దె కట్టలేదు. వైండింగ్ అంటే మోటార్‌లో రాగి తీగ చుట్లు లెక్కపెట్టి చుట్టడమే. బావకి మధ్యలో లెక్క పోయేది. పోయినట్టు తెలిసేది కాదు. ఎవరైనా చెబితే చేతిలో ఉన్నది విసిరికొట్టేవాడు. దెబ్బకి ముందు పిల్లల్ని గట్టిగా ఒక మాట అనని మనిషి.

కోర్టులో సాక్ష్యం రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కాడు. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు పేరు, ఊరు, పిల్లలు ఏ క్లాసు అని అడిగితే టకటకా చెప్పాడు. "ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని ఆయన చాలా మర్యాదగా అడిగాడు. "నాకేమండీ, బ్రహ్మాండంగా ఉన్నాను. వీళ్ళే ఊరికే కోర్టుల చుట్టూ తిప్పుతున్నారు" అన్నాడు బావ. లాయరు ఇంకేం అడగలేదు, నవ్వుకుంటూ కూర్చున్నాడు. అక్క తల పైకెత్తలేదు. మెదడు ముందు భాగం దెబ్బతింటే తనకేం పోయిందో తనకే తెలియకపోవచ్చని, అదీ జబ్బులో భాగమేనని తర్వాత న్యూరో డాక్టరు వచ్చి చెప్పారు. కానీ ఆ పూటకి మా పని అయిపోయిందనుకున్నాం.

మా కేసుని నిలబెట్టింది ఒక రొయ్యల రైతు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు కాలితే బావకే ఇచ్చేవాడు. బోనెక్కి, "దెబ్బ తగిలాక కూడా ఒకటి ఇచ్చానండి. రాత్రి ఆన్ చేస్తే పొగొచ్చింది. తెల్లారేసరికి ఆక్సిజన్ లేక రొయ్య చచ్చి తేలింది. ఇంక ఎలా ఇస్తానండి?" అన్నాడు. "మీరు ఆయనకి చుట్టమా?" అని లాయరు గుచ్చాడు. "చుట్టమైతే నలుగురిలో ఆయన పని పోయిందని చెప్తానాండి?"

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: డాక్టరు సర్టిఫికెట్ కంటే మీ తమ్ముడికి పనిచ్చేవాడి సాక్ష్యం ఎక్కువ. బావకి మెడికల్ బోర్డు ఇచ్చింది 40 శాతం వైకల్యం. శరీరంలో లోపం ఎంత శాతం, సంపాదన ఎంత శాతం పోయింది అనేవి వేర్వేరని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. మా జడ్జిగారు సంపాదన నష్టం 70 శాతంగా తీసుకున్నారు. తేడా ఎంతో చూడండి. నెలకి 15,000, వయసు 38 అయితే ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునే 40 లోపువాళ్ళకి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆ వయసుకి మల్టిప్లయర్ (ఏడాది సంపాదనని ఎన్నిరెట్లు కట్టాలో వయసుని బట్టి చెప్పే అంకె) 15, అంటే 37,80,000. అందులో 40 శాతమైతే 15,12,000. 70 అయితే 26,46,000. కంపెనీ హైకోర్టుకి వెళ్ళింది, అది వేరే గోల.

ఇంకోటి, ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీని ఎవరూ లెక్కలో వెయ్యరు. భార్య చూసుకుంటుంది కాబట్టి ఖర్చు లేదట! కాజల్ వర్సెస్ జగదీశ్ చంద్ కేసులో మెదడు దెబ్బతిన్న 12 ఏళ్ళ అమ్మాయికి 2020లో సుప్రీంకోర్టు చూసుకునే మనుషుల ఖర్చే ఇద్దరికి నెలకి చెరో 5,000 చొప్పున మల్టిప్లయర్ 18తో కట్టి 21,60,000 ఇచ్చింది. మొత్తం పరిహారం 62,27,000. ఈ ఖర్చు కూడా పిటిషన్‌లో రాయమనండి. మా వాళ్ళ పిటిషన్‌లో "అటెండెంట్ ఖర్చులు" అని ఒక్క ముక్క, దానికి ముష్టి 20,000.

హాస్పిటల్ గేటు దగ్గర "కేసు మేము చూసుకుంటాం, వచ్చిందాంట్లో పాతిక శాతం" అనే ఏజెంట్లు తగులుతారు. మనిషి ఇంకా ఐసీయూలో ఉండగానే మా దగ్గరికొచ్చి తెల్లకాగితాల మీద సంతకాలు అడిగారు. లాయరు పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారమే తప్పు. వాటా అడిగితే ఇంకో లాయర్ని చూసుకోండి.

సెటిల్మెంట్‌కి తొందర వద్దు గానీ, పిటిషన్ మాత్రం ఆలస్యం చేయకండి. యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల్లోపు వేయాలనే నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరుండే జిల్లాలో యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివి ఎంత దెబ్బతిన్నాయో చూసే న్యూరోసైకాలజీ టెస్టులు చేయించి, చేసిన డాక్టరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెబుతారో లేదో ముందే అడగండి. మీ తమ్ముడు ఏం పని చేసేవాడో మీరు రాయలేదు, కింద రాస్తే ఎవరిని సాక్షిగా పెట్టాలో చెబుతాను.