డాబా మీద కోళ్లకు టీకాలు

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

డాబా మీది ఇరవై వనరాజా జాతి కోడిపిల్లలకు కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వేయాలని అడిగావు. ఏడో రోజున లసోటా అనే టీకా వెయ్యమ్మా. ఆ తెగులు తగిలాక మందు లేదు. పచ్చగా పారుకుంటూ, మెడలు మెలితిరిగి, చూస్తుండగానే గూడు ఖాళీ అవుతుంది.

టీకాలో ఉండేది బతికున్న వైరస్. వేడికి చస్తుంది, క్లోరిన్‌కూ చస్తుంది. టీకా వేసినా కోళ్లు పోయాయని చాలామంది మందును తిడతారు గానీ, తరచుగా అది ఇల్లు చేరేలోపే పాడైపోయి ఉంటుంది. అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడే థర్మాకోల్ డబ్బా, గడ్డకట్టిన ఐస్ ప్యాకులు పట్టుకెళ్లు. ఫ్రిజ్‌లోంచి తీసిస్తేనే తీసుకో. బల్ల మీద పెట్టినది ఊరికే ఇచ్చినా వద్దు.

కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది మర్నాటికి దాచడం దండగ. వంద డోసుల సీసా నీకు ఎక్కువే, వీధిలో కోళ్లున్నవాళ్లను అదే పొద్దునకు పిలువు. టీకా కలిపేందుకు సీసాతో వచ్చిన ద్రవం, అంటే డైల్యూయెంట్‌ను కూడా చల్లబరిచి దాంతోనే కలుపు. పిల్లను అరచేతిలో పట్టి, తల పక్కకు తిప్పి, కంట్లో ఒక్క చుక్క వెయ్యి. రెప్ప కొట్టి చుక్క లోపలికి ఇంకేదాకా వదలకు. తొందరపడితే తల విదిలిస్తుంది, చుక్క నేలపాలు. వేసినవాటిని వేరే అట్టపెట్టెలో పెట్టు. ఆ చేత్తో కళ్లు నలుపుకోకు, మనకు కళ్లకలక వస్తుంది. తుమ్ముతున్న పిల్లకు, రెక్కలు వాల్చిన పిల్లకు ఆ రోజు వేయొద్దు.

14వ రోజున గంబోరో అనే మరో కోళ్ల జబ్బుకు టీకా, 28వ రోజున మళ్లీ లసోటా. రెండోసారి నీళ్లలో ఇవ్వొచ్చంటారు గానీ, ఏ పిల్ల ఎంత తాగిందో తెలియదు. ఇరవైకి చుక్కే మేలు. నీళ్లలోనే ఇస్తానంటే నేరుగా కుళాయి నీళ్లు పట్టకు, అందులో క్లోరిన్ ఉంటుంది. మరగకాచి చల్లార్చి, లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, పావుగంట ఆగి టీకా వెయ్యి. అంతకుముందు రెండు గంటలు తాగే నీళ్లు తీసేసి ఉంచు. తొట్టెను బ్లీచింగ్‌తో కడగొద్దు.

ముర్గీ చౌక్ కోళ్ల బజారు నుంచి కొత్త కోడిని తెస్తే రెండు వారాలు విడిగా ఉంచు.

ఎనిమిది వారాలు దాటాక ఆర్‌ టూ బీ అనే, కొక్కెర తెగులుకే ఇంకో టీకా, రెక్క దగ్గర చర్మం కింద అర మిల్లీలీటరు. ముందే వేస్తే కాళ్లు పడిపోవచ్చు, కాబట్టి తొందర వద్దు. సూదిని నీళ్లలో ఉడికించు. స్పిరిట్, డెటాల్ తగలనివ్వకు.

అంతకుముందే, ఆరో వారంలో కోడి మశూచి టీకా. రెక్క మడత పలుచని చర్మంలో, రక్తనాళం తగలకుండా, రెండు మొనల సూదితో పొడవాలి. వారం తర్వాత రెక్క ఎత్తి చూడు. పొడిచిన చోట పొక్కు కట్టకపోతే టీకా అంటలేదని లెక్క, ఆ కోడికి మళ్లీ వెయ్యి.

మీ పెదనాన్న