రిసెప్షన్‌లో లైవ్ మ్యూజిక్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి రిసెప్షన్‌కి 250 మంది వస్తారు. హాలు 25 మీటర్ల పొడవు. ఇద్దరు గాయకులు, కీబోర్డు, గిటారు, డ్రమ్స్ ఉన్న బృందాన్ని మాట్లాడుకున్నాం. ముందు కూర్చున్నవాళ్ల చెవులు దిబ్బెళ్లు పడకుండా, వెనకవాళ్లకి పాట వినపడేలా ఎలా ఏర్పాటు చేయించాలి?

జవాబు: స్పీకర్లు ఎన్ని వాట్లని అడిగే ముందు ఎక్కడెక్కడ పెడతారో అడగండి. వేదికకి అటొకటి ఇటొకటి పెట్టి, వెనక వినపడలేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే మీరు భయపడుతున్నదే జరుగుతుంది. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. 3 మీటర్ల దగ్గర 90 ఉన్నది 24 మీటర్లకి 72కి దిగుతుంది. హాల్లో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కనక ఇంతగా తగ్గదు. కానీ ఆ తిరిగొచ్చే శబ్దమే పాటలోని మాటల్ని కలగాపులగం చేస్తుంది.

అందుకని వేదికకి సుమారు 14 మీటర్ల దూరంలో ఇంకో జత చిన్న స్పీకర్లు పెట్టించండి. వాటికి డిలే, అంటే పాటని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా పంపే అమరిక, తప్పనిసరి. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే వేదిక దగ్గరి పాట గాలిలో 14 మీటర్లు రావడానికి 41 మిల్లీసెకన్లు పడుతుంది. వైరులో వచ్చిన పాట మాత్రం అంతకుముందే పలికేస్తుంది, ఒకే మాట రెండుసార్లు వినపడుతుంది. 41కి మరో 10 కలిపి పెట్టమనండి. అప్పుడు పాట వేదిక మీద నుంచే వస్తున్నట్టుంటుంది. స్పీకర్లన్నీ కూర్చున్నవాళ్ల తలల కన్నా పైకి, కాస్త కిందికి వంచి ఉండాలి. తల ఎత్తులో పెడితే ముందు వరసే శబ్దాన్ని మింగేస్తుంది.

డ్రమ్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మైకు లేకుండానే అవి గట్టిగా మోగుతాయి. వాటిని దాటి వినపడాలని గాయకుల గొంతు పెంచుతారు, దానికి తగ్గట్టు కీబోర్డు పెంచుతారు. చిన్న హాల్లో మోతకి అసలు మూలం ఇదే. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తెమ్మని ముందే అడగండి. లేదా విందు సాగుతున్నంతసేపు పుల్లల బదులు బ్రష్షులతో వాయించమనండి.

ఎదురెదురుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. విందు వేళ బల్లల దగ్గర సంగీతం 65 నుంచి 70 దాటకపోతే జనం గొంతు చించుకోనక్కర్లేదు. డాన్సు మొదలయ్యాక 90 వరకు పోవచ్చు. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ ఉజ్జాయింపుగానే చూపిస్తుంది, అయినా ఈ పనికి చాలు. 85 డెసిబెల్స్‌ని 8 గంటలు భరించవచ్చనేది వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంటే. పసిపిల్లలున్నవాళ్లనీ పెద్దవాళ్లనీ స్పీకర్లకి దూరంగా కూర్చోబెట్టే బాధ్యత ఎవరో ఒకరికి అప్పజెప్పండి.

ప్రశ్న: బంధువులు మైకు తీసుకుని మాట్లాడగానే కీచుమంటుంది. ఎందుకు?

జవాబు: స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి, పెరిగి, తిరిగి బయటికొస్తుంటే వచ్చే కూత అది. చాలాసార్లు మైకు పట్టుకున్న మనిషి వేదిక దిగి నేరుగా స్పీకర్ ముందుకి నడుస్తారు. రెండో తప్పు, జాలీని గుప్పిట్లో మూసెయ్యడం. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించే రంధ్రాలు అక్కడే ఉంటాయి. అవి మూసుకుపోతే మైకు అన్ని వైపుల నుంచీ వింటుంది. కాడని పట్టుకుని, నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచమని చెప్పండి. మైకు దూరమయ్యేకొద్దీ వాల్యూమ్ పెంచాల్సొస్తుంది, దాంతో కూత ఇంకా ఎక్కువవుతుంది.

ప్రసంగాలకి గాయకుల మైకు ఇవ్వకండి. విడిగా ఒక వైర్‌లెస్ మైకు, కొత్త బ్యాటరీలతో. దాని రిసీవర్‌ని జనం వెనక నేల మీద పెడితే మనుషుల ఒళ్లే సిగ్నల్‌కి అడ్డు, మాట తెగిపోతుంది. ఎత్తు మీద పెట్టాలి. వైరున్న మైకొకటి పక్కన సిద్ధంగా ఉంటే నిశ్చింత.

ప్రశ్న: ఏడింటికి మొదలుపెట్టి పదింటిదాకా ఆపకుండా పాడతామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. గొంతులు అలసిపోతాయి, వినేవాళ్లూ అలసిపోతారు. 45 నిమిషాలు పాట, 15 నిమిషాలు విరామం, ఇలా మూడు విడతలు. పాట 4 నిమిషాలనుకుంటే విడతకి పదే పడతాయి. మొత్తం ముప్పై. 60 పాటల జాబితా ఇచ్చి తర్వాత బాధపడకండి. తప్పక కావాల్సిన అయిదింటిని మూడు వారాల ముందే చెప్పండి. గాయని శ్రుతికి మార్చుకుని సాధన చేసుకోవాలి కదా. వధూవరులు నడిచొచ్చే పాటని మాత్రం గడియారం పెట్టి చూడండి. 20 మీటర్లు మెల్లగా నడిస్తే అర నిమిషం, ముప్పావు నిమిషం. పాట ముందు సంగీతమే 40 సెకన్లుంటే పల్లవి అందుకునేసరికి నడక అయిపోతుంది. ఎక్కడి నుంచి అందుకోవాలో బృందానికి చెప్పండి.

సౌండ్ చెక్ అతిథులు రావడానికి అరగంట ముందే ముగియాలి. వైర్లు పరవడానికి గంటన్నర, చెక్‌కి 45 నిమిషాలు లెక్కేసుకోండి. అలంకరణ పని ఆలస్యమైతే ముందుగా ఎగిరిపోయేది ఇదే, కనక వేదికని ఏ వేళకి వదలాలో అలంకరణవాళ్లకి రాసివ్వండి. ఖాళీ హాలు గింగుర్లాడుతుంది, జనం నిండాక పై స్వరాలు మెత్తబడతాయి. మొదటి రెండు పాటలప్పుడు సౌండ్ చూసే మనిషి మిక్సర్ దగ్గర నుంచి కదలకూడదు.

ప్రశ్న: స్పీకర్లలో గుయ్‌మనే మోత. ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందంటున్నారు.

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యనివ్వకండి. గిటారు, మైకు ఒంటికి తగిలే వస్తువులు, లోపల ఎక్కడ లీకున్నా షాకు కొడుతుంది. వేదిక మీది సౌండ్ సామానుకీ మిక్సర్‌కీ ఒకే చోటి నుంచి కరెంటు ఇప్పించండి, లైట్లకి, ముఖ్యంగా డిమ్మర్లున్నవాటికి, వేరే లైను. అప్పటికీ కీబోర్డులోంచే వస్తుంటే డీఐ బాక్స్ (కీబోర్డు వైరుని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేస్తే చాలా మటుకు ఆగిపోతుంది, అది సిగ్నల్ వైరులోని కలయికనే తెంపుతుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. జనరేటర్ అందుకునే కొద్ది సెకన్లలో డిజిటల్ మిక్సర్ ఆరిపోతే మళ్లీ లేచేదాకా పాట ఉండదు. మిక్సర్‌కీ వైర్‌లెస్ రిసీవర్లకీ మాత్రం చిన్న యూపీఎస్ పెట్టించండి. యాంప్లిఫయర్లని దానికి తగిలించొద్దు, ఆ బరువు మొయ్యలేదు.