కొత్త అక్వేరియంలో చేపలు వారం తిరక్కుండానే ఎందుకు చనిపోతున్నాయి?

నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఫిల్టర్ నడుస్తోంది, అయినా గోల్డ్‌ఫిష్‌లు ఒక్కొక్కటిగా పోతున్నాయని అడిగారు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కారణం కంటికి కనపడని అమ్మోనియా. చేపల వ్యర్థాల నుంచి, అడుగున కుళ్లిన మేత నుంచి అది పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజిలోనూ, గులకరాళ్ల మీదా పెరగాలి. అందుకు మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

చేప పైకొచ్చి నోరు తెరుస్తూ గుటకలు వేస్తోందా? వెంటనే పావు వంతు నీళ్లు మార్చండి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని పోగొట్టే డీక్లోరినేటర్ మందు చుక్కలు కలిపాకే పొయ్యాలి. నీళ్లన్నీ ఒకేసారి పారబోయకండి.

అసలు తప్పు ఎక్కువగా జరిగేది స్పాంజి దగ్గర. జిగటగా, గోధుమరంగులో ఉందని కొళాయి కింద తెల్లగా పిండేస్తారు. నేనూ అలాగే చేశాను; మర్నాటికి రెండు గప్పీ చేపలు పోయాయి, ఇప్పటికీ బాధే. ఆ జిగటలోనే మనకు కావలసిన బ్యాక్టీరియా ఉంటుంది. తొట్టిలోంచి ఒక మగ్గు నీళ్లు తీసి, అందులో మెల్లగా ముంచి తీస్తే చాలు.

మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. పిల్లలు ముచ్చటపడి చిటికెడు చిటికెడు వేస్తూనే ఉంటారు, డబ్బా అందకుండా పెట్టండి. ఈ నెలన్నర కొత్త చేపలు కొనకండి. గోల్డ్‌ఫిష్‌కు చిన్న గాజు గిన్నె మాత్రం అస్సలు వద్దు.