ఆ ఊళ్లో ఆ పేరు ఎవరు పెడతారు?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. జర్మనీలో పద్నాలుగో శతాబ్దపు న్యూరెంబర్గ్, తెల్లవారకముందే రొట్టెల పొయ్యి రాజేసే హాన్స్. ఆ పొయ్యి సెగ నిజంగా తగిలింది. కానీ మొదటి పేజీలోనే ఒకచోట ఆగిపోయాను. ఏడు తరాలుగా అదే ఊళ్లో ఉన్న మనిషికి 'న్యూరెంబర్గర్' అని ఇంటిపేరు పెట్టావు. ఊరంతా న్యూరెంబర్గ్ వాళ్లే అయినప్పుడు ఆయన్నొక్కడినే అలా ఎందుకు పిలుస్తారు?

ఊరు వదిలి వచ్చినవాడికే ఆ ఊరిపేరు అంటుకుంటుంది. మన దగ్గరా అంతే కదా. కందుకూరి వీరేశలింగం గారు 1848లో పుట్టింది రాజమండ్రిలో. పశ్చిమ జర్మనీ తొలి ఛాన్సలర్ కొన్రాడ్ అడెనావర్ 1876లో పుట్టింది కొలోన్‌లో, కానీ ఆయన పేరులో ఉన్న అడెనావ్ ఐఫెల్ కొండల్లోని చిన్న ఊరు. మనం కందుకూరును 'కందుకూరి' చేసినట్టే వాళ్లు ఊరిపేరు చివర 'అర్' చేరుస్తారు.

కాబట్టి నీ హాన్స్‌ని బాంబెర్గ్ నుంచి రప్పించు. పట్నాలు పెరిగి, వీధికి నలుగురు హాన్స్‌లు తయారైన కాలం అది. పన్ను రాసుకునే గుమాస్తా కలం పట్టుకుని "ఏ హాన్స్?" అంటాడు. పక్కవాడు "అదే, బాంబెర్గ్ నుంచి వచ్చాడే, ఆయన" అంటాడు. పద్దులో 'హాన్స్ బాంబెర్గర్' అని పడుతుంది. ఈ సీన్ నీ కథలో లేదు, ఉండాలి. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు, ఇరుగుపొరుగు నోట పుట్టింది. తన ఊరు ఇక తనది కాదని ఆయనకు తెలిసేది ఆ క్షణంలోనే.

ఊరు కదలని పాత్రలకు ఇల్లున్న చోటు చూసి పేరు పెట్టు. కొండ దగ్గరుంటే బెర్గర్, వాగు పక్కనైతే బాఖర్, బవేరియా వైపు చిత్తడి నేల దగ్గరైతే మోజర్. ఉత్తరాదికి వెళ్తే 'అర్' బదులు ఎక్కువగా 'మన్' వినిపిస్తుంది, వాగు పక్కవాడు బెక్‌మన్ అయినట్టు.

ఇంకొకటి. పేరు మధ్యలో 'ఫన్' (von) కనబడగానే జమీందారు అనుకోకు. అప్పట్లో ఆ మాటకు 'నుంచి' అనే అర్థం, మామూలు మనుషుల పేర్లలోనూ ఉండేది. అది పెద్దింటి గుర్తుగా మారింది తర్వాతే. నీ కథలో నేతగాడి పేరుకు అది తగిలించి, మళ్లీ భయపడి కొట్టేశావు. కొట్టేయకు, ఉంచు.

హాన్స్ బాంబెర్గ్ ఎందుకు వదిలాడో ముందు తేల్చుకో. ఆ తర్వాత మొదటి పేజీ మళ్లీ రాసి పంపు, చూస్తాను.

నీ అన్నయ్య